ఆ ఆరేళ్ళు ఎవరివి?

పాకాల అంటే మన వైపు జనానికి రైలు జంక్షను. తిరుపతి నుంచి కాట్పాడి పోయే దారిలో ఉంది; ధర్మవరం పోయే లైను ఇక్కడే చీలుతుంది. అయితే తెలుగు నేల మీద ఇంకో పాకాల కూడా ఉంది. అది తెలంగాణలో, నిజామాబాదు జిల్లాలో ఒక పల్లె. ఆ పాకాలలో కూలి చేసుకుని బతికే ఇంట్లో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు కొండ ఎక్కింది. అప్పటికి ఆ బిడ్డకు పద్నాలుగేళ్ళు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పిల్ల.

అదే జిల్లా నుంచి నిఖత్ జరీన్ 2022లో ముష్టియుద్ధంలో ప్రపంచ విజేత అయింది. అదే జిల్లా నుంచి గుగులోతు సౌమ్య ఫుట్‌బాలులో దేశం తరఫున ఆడుతున్నది. ఈ ముగ్గురిలో మొదటి ఇద్దరి పేర్లు మన ఊళ్ళల్లో కొంతమందైనా విన్నారు. మూడో పేరు విన్నవాళ్ళు తక్కువ. అందుకే ఈ వారం ఆ మూడో బిడ్డ గురించి రాయదలిచాము.

ఈ శీర్షికలో మేము మామూలుగా కూలి రేట్లు, చెరువుల పూడిక, బోర్ల అప్పులు, ఇంటి పట్టాల సంగతులు రాస్తుంటాం. ఫుట్‌బాలుకూ కూలి జనానికీ ఏం సంబంధమని చదువరులు అడగవచ్చు. సంబంధం ఉంది. అది యాడుందో చూద్దాం.

తండా నుంచి జాగ్రెబ్ దాకా

సౌమ్య 2001లో పుట్టింది. రైతు కుటుంబం, లంబాడీ తండా. మన వైపు సుగాలీలని పిలిచే జనమే అటు లంబాడీలు. చిన్నప్పుడు ఆ పిల్ల పరుగు పందేలలో పరిగెత్తేది. ఆ వేగాన్ని చూసిన ఒక కోచ్ ఆమెను బంతి ఆటకు తిప్పినాడు. అక్కడి నుంచి మెట్టు తరువాత మెట్టు ఎక్కింది. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో చిన్న బాలికల జట్లు, ఆ తరువాత పెద్ద పిల్లల జట్లు, 2021 నాటికి, అంటే ఇరవై ఏళ్ళు వచ్చే సరికి, దేశపు మహిళల పెద్ద జట్టు. ముందు వరుసలో, మైదానం అంచు వెంబడి బంతిని తీసుకుని ఉరికే ఆటగత్తె ఆమె. చిన్నప్పటి పరుగు పందెం అక్కరకు వచ్చింది.

2022లో ఐరోపాలోని క్రొయేషియా దేశంలో పేరున్న డైనమో జాగ్రెబ్ సంఘం మహిళల జట్టులో సౌమ్యకు చోటు దొరికింది. ఆమెతో పాటు మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా పిల్ల జ్యోతి చౌహాన్ కూడా అక్కడికి పోయింది. అంతకు రెండేళ్ళ ముందే, 2020లో, మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం చేసే బాలాదేవి స్కాట్లండులోని రేంజర్స్ జట్టులో చేరి దారి వేసింది. తెలుగు తండా పిల్ల ఆ దారి పట్టుకుంది. భాష తెలియదు, ఎముకలు కొరికే చలి, పరాయి తిండి. ఆ వయసు మన పిల్లలు చాలామంది తిరుపతి బస్టాండు దాటి ఒంటరిగా పోయి ఉండరు.

తిరిగి వచ్చిన తరువాత కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ సంఘానికి ఆడింది. 1920లో పుట్టిన సంఘం అది. దేశ విభజన కాలంలో తూర్పు బెంగాలు నుంచి ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన కాందిశీకులు దాన్ని తమ సొంత గుర్తుగా చేసుకున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ సంఘం మహిళల జట్టు మొదటిసారి జాతీయ మహిళా లీగు గెలిచింది. గెలుపు ఖాయం చేసిన ఆటలో ఒడిశా జట్టు మీద 1–0. ఆ ఒక్క గోలు కొట్టింది సౌమ్య. ఆ సంఘం మగవాళ్ళ జట్టు చివరిసారి దేశపు లీగు గెలిచింది 2003–04లో. ఇరవై ఏళ్ళ పైచిలుకు కరువును ఆడపిల్లలు తీర్చినారు. తరువాతి నెలలోనే అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య 2024–25 సంవత్సరానికి దేశంలోకెల్లా మేటి క్రీడాకారిణిగా సౌమ్యను ఎన్నుకుంది. అదే ఏడాది జులైలో భారత జట్టు థాయ్‌లాండు గడ్డ మీద థాయ్‌లాండును 2–1తో ఓడించి, 2026 ఆసియా కప్పుకు పోటీలలో నెగ్గి అర్హత తెచ్చుకుంది. అర్హత పోటీల ద్వారా అట్లా తెచ్చుకోవడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి.

ఇంతవరకు చెప్పింది గెలుపు కథ. ఇట్లాంటి కథలు రాసేటప్పుడు పెద్ద పత్రికలకు ఒక మాట అలవాటు: "పేదరికాన్ని జయించిన వీర వనిత." మాకు ఆ మాట మింగుడు పడదు. పేదరికాన్ని ఒక్కరు జయించినారంటే మిగిలిన వాళ్ళు చేతకాని వాళ్ళని అర్థం వస్తుంది. అది నిజం కాదు. సౌమ్య కష్టం సౌమ్యదే, దానికి చేయెత్తి మొక్కాల్సిందే. కానీ కష్టం ఒక్కటే చాలదు. ఇంకా ఏమేం కలిసి వచ్చినాయో లెక్క తీయాల.

ఒక ఆటగత్తె కావాలంటే

మేము నలుగురం కూర్చుని ఈ లెక్క వేసినాము. బిడ్డ కాళ్ళల్లో పరుగు ఉండాల. అది పుట్టుకతో వచ్చేది, కాలనీలోనూ ఉంటుంది, బంగళాలోనూ ఉంటుంది. ఆ పరుగును గుర్తు పట్టే కన్ను ఒకటి ఉండాల. అంటే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడో, ఊళ్ళో కోచో. పరిగెత్తడానికి నేల ఉండాల. పరుగుకు తగిన కూడు ఉండాల. ఈ నాలుగూ ఉన్నా అయిదోది లేకపోతే అన్నీ వృథా. ఆ అయిదోది గడువు.

గడువు అంటే ఏమి? సౌమ్య నడిచిన దారి చూడండి. ఆమె చిన్న పిల్లల జట్లలో చేరింది పదమూడు పద్నాలుగేళ్ళ ప్రాయంలో. పద్దెనిమిది దాటగానే పెద్ద జట్టు తలుపు దాకా వచ్చింది. ఆటగత్తె తయారయ్యేది పన్నెండు నుంచి పద్దెనిమిది ఏళ్ళ నడుమ. ఆ ఆరేళ్ళు దినం తప్పకుండా సాధన చెయ్యాల. ఏడాది విడిచిపెడితే మళ్ళీ అందుకోవడం కష్టం. వరినారు ముదిరిన తరువాత నాటితే పిలకలు ఎట్లా వేయదో, ఇదీ అట్లాంటిదే.

ఇప్పుడు మన మండలంలో ఒక కూలి ఇంటి ఆడబిడ్డకు అదే ఆరేళ్ళు ఎట్లా గడుస్తాయో చూడండి. పన్నెండేళ్ళకు తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, పాలకేంద్రానికి క్యాను మోస్తుంది. పదమూడేళ్ళకు పెద్దమనిషి అవుతుంది. ఆ రోజు నుంచి వీధిలో ఉరకడం తప్పు. పద్నాలుగేళ్ళకు చెనక్కాయ పీకుడు వచ్చినప్పుడు వారం దినాలు బడి మానుతుంది. పదైదేళ్ళకు మామిడి కాపులో తల్లి వెంట గంపలు మోయను పోతుంది. పదో తరగతిలో ఒక సబ్జెక్టు పోతుంది. పదహారుకు సంబంధం చూస్తారు. దీంట్లో కల్పన ఏమీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ నడుమ వయసు ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పైగా పద్దెనిమిది నిండక ముందే పెండ్లి అయినవాళ్ళు. అంటే పది మందిలో ముగ్గురు. కూలి ఇండ్లను మాత్రమే లెక్క తీస్తే ఇంకెంత ఉంటుందో మన కాలనీలు తిరిగినవాళ్ళకు తెలుసు.

సౌమ్యకు ఆటగా మారిన ఆరేళ్ళే మన బిడ్డలకు కూలిగా, కాపురంగా మారుతున్నాయి. ఈ వ్యాసంలో మేము చెప్పదలిచింది ఇదొక్కటే. మిగతాదంతా దాని వెనక కారణాలు, దానికి చెయ్యవలసిన పనులు.

ఆ కూలి ఎందుకు కావాల్సి వచ్చింది

తల్లులను తప్పు పట్టే వాళ్ళు ఉన్నారు. "వీళ్ళకు తెలివి లేదు, బిడ్డను బడి మానిపిస్తారు" అంటారు. మేము తల్లులతో మాట్లాడినాము. ఒక అమ్మ అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాము: "అన్నా, నా కూలి మగోని కూలంత ఉంటే నా బిడ్డను నేనెందుకు పిలుచుకుని పోతాను? నాకు తక్కువ పడేదాన్ని అది పూడుస్తా ఉంది."

ఈ మాటలో అర్థశాస్త్రం అంతా ఉంది. సమాన పనికి సమాన వేతనం చట్టం దేశంలో 1976లోనే వచ్చింది. చట్టం వచ్చి దాదాపు యాభై ఏళ్ళయినా మన పొలాల్లో ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు నడుస్తూనే ఉన్నాయి. తల్లి కూలిలో కోత పడిన భాగాన్ని పూడ్చడానికి బిడ్డ బడి మానాల్సి వస్తుంది. యజమాని మిగిలించుకున్న రూపాయలు నిజానికి ఆ బిడ్డ ఆరేళ్ళలో నుంచి తీసినవి. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన ఉపాధి హామీ కూలి దినానికి 307 రూపాయలు. నూరు దినాలు పూర్తిగా దొరికినా 30,700. దాంట్లో ఒక జత ఆట బూట్లు కొనాలంటే రెండు మూడు దినాల కూలి పోతుంది.

ఆటగత్తెల కూలి సంగతి కూడా తెలుసుకోవాల. మహిళా లీగు 2016–17లో మొదలయింది. చాలా ఏళ్ళు ఆ ఆడపిల్లలకు ఇంత అని నికరమైన జీతం లేదు. కొన్ని వారాల పోటీ, కొన్ని వారాల భత్యం, తరువాత ఇంటికి. 2023లో సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది: పై లీగులో ఆడే ఒక్కొక్క సంఘం కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తక్కువ కాకుండా ఒప్పందం రాయాల. నెలకు ఇరవై ఆరున్నర వేల పైన. కనీస వేతనం అనే మాట పొలం నుంచి మైదానం దాకా పోయిందని మేము సంతోషపడినాము. కనీస కూలి కోసం అడిగే తల్లి, కనీస ఒప్పందం కోసం అడిగే బిడ్డ ఇద్దరూ శ్రమ అమ్ముకునే వాళ్ళే.

పెద్దల తగువుకు పిల్లలు ఎట్లా బలి అవుతారో కూడా ఆ లోకం చూపించింది. 2022 ఆగస్టులో, మన సమాఖ్య నిర్వహణలో బయటి జోక్యం ఉందని ప్రపంచ ఫుట్‌బాలు సంస్థ ఫిఫా మన దేశాన్ని పది దినాలకు పైగా ఆటనుంచి వెలివేసింది. సరిగ్గా అప్పుడే కేరళ గోకులం మహిళల జట్టు ఆసియా సంఘాల పోటీకని ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంటులో దిగి ఉంది. ఏడాది పొడుగునా సాధన చేసి అంత దూరం పోయిన బిడ్డలు బంతి తాకకుండానే వెనక్కి వచ్చినారు. కుర్చీల తగువులో వాళ్ళ పాత్ర ఏమీ లేదు.

ఇంటి ముందర రోడ్డు

ఇదే 2022 అక్టోబరులో పదిహేడేళ్ళ లోపు బాలికల ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది. భారత జట్టు నాయకురాలు అష్టమ్ ఉరావ్, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ బిడ్డ. బిడ్డ పేరు పెద్దది కాగానే అధికారులకు ఆ ఊరు గుర్తుకు వచ్చింది. ఆమె ఇంటికి రోడ్డు వేయడం మొదలుపెట్టినారు. ఆ రోడ్డు పనిలో దినానికి 250 రూపాయల కూలికి రాళ్ళు మోసినవాళ్ళలో ఆమె తల్లిదండ్రులు కూడా ఉన్నారు. బిడ్డ గౌరవార్థం వేసే రోడ్డుకు తల్లిదండ్రులే కూలీలు. భువనేశ్వర్‌లో బిడ్డ అమెరికా జట్టు ఎదుట నిలబడే నాటికి ఊళ్ళో వాళ్ళు పార పట్టుకుని ఉన్నారు.

ఆ ఆటలో మన పిల్లలు 0–8తో ఓడినారు. చాలామంది నవ్వినారు. మేము నవ్వలేదు. అటువైపు నిలబడిన పిల్లలకు అయిదారేళ్ళ వయసు నుంచి పచ్చిక మైదానం, బూట్లు, పాలు, మాంసం, డాక్టరు. ఇటువైపు నిలబడిన పిల్లలు సంగటి, అన్నం తిని, పొలం గట్ల మీద ఉరికి వచ్చిన వాళ్ళు. ఆ తేడా అంతా ఆ ఎనిమిది గోలులలో ఉంది.

కూడు సంగతి తేలికగా తీసుకోరాదు. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదైదు నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఫుట్‌బాలు ఆటగత్తె ఒక పూర్తి ఆటలో, తొంభై నిమిషాలలో, పది కిలోమీటర్ల దాకా నడుస్తుంది, ఉరుకుతుంది. అంటే పాకాల నుంచి చుట్టుపక్కల ఏదో ఒక ఊరికి పోయినంత దూరం. నెత్తురు లేని ఒళ్ళు ఆ పని చెయ్యలేదు. బడిలో మధ్యాహ్నం ఇచ్చే కోడిగుడ్డు, చెనక్కాయ చిక్కీ మేలు చేస్తున్న మాట నిజం. కానీ సాయంత్రం ఆడే పిల్లకు సాయంత్రం ఇంకోసారి తిండి కావాల.

"ఆడవాళ్ళకు తగదు"

"ఆడబిడ్డ నిక్కరేసుకుని బయట ఉరికితే ఎట్లా? కాలు విరిగితే రేపు ఎవడు చేసుకుంటాడు?" ఈ ప్రశ్న మన కాలనీల్లో వినిపిస్తుంది. ఇది మన ఊరి వెనకబాటుతనం మాత్రమే అనుకోవద్దు. తెల్లదొరలదీ ఇదే పాట.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు మందుగుండు ఫ్యాక్టరీలలో పనికి చేరినారు. ప్రెస్టన్ పట్టణంలో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు 1917లో ఒక ఫుట్‌బాలు జట్టు పెట్టుకున్నారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూలు పట్టణంలో వాళ్ళ ఆట చూడడానికి 53,000 మంది వచ్చినారు. చోటు చాలక ఇంకా వేలమంది బయటే నిలబడినారు. 1921లో గనుల యజమానులు కార్మికులను బయటకు నెట్టి గేట్లు మూసినప్పుడు, గని కార్మికుల కుటుంబాల గంజి కోసం ఈ ఆడవాళ్ళ జట్లు ఆటలాడి డబ్బులు పోగు చేసి ఇచ్చినాయి. అదే ఏడాది డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘం పెద్దలు తీర్మానం చేసినారు: ఈ ఆట ఆడవాళ్ళకు తగదు, మా సంఘాల మైదానాలు వాళ్ళకు ఇవ్వరాదు. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. మగవాళ్ళ ప్రపంచ కప్పు 1930లో మొదలైతే ఆడవాళ్ళది 1991లో కానీ మొదలు కాలేదు.

మన తెలుగు నేలా అంతే. హైదరాబాదు ఒకప్పుడు దేశపు ఫుట్‌బాలుకు పుట్టిల్లు. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకం తెచ్చుకుంది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ కాలపు మేటి ఆటగాడు. అంత పేరున్న కాలంలో ఆడపిల్లల ఊసు లేదు. దేశంలో మహిళల ఫుట్‌బాలుకు ఒక సమాఖ్య పుట్టింది 1975లో. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే మన ఆడవాళ్ళు ఆసియా పోటీలలో రెండుసార్లు రెండో స్థానం తెచ్చినారు. అప్పుడు వాళ్ళను ఆదరించి ఉంటే ఈ రోజు చరిత్ర వేరుగా ఉండేది.

కాలు విరుగుతుందనే భయానికి మా జవాబు ఒకటే. మామిడి గంప మోసి నడుము విరిగిన ఆడవాళ్ళు, కలుపు తీసి మోకాళ్ళు అరిగిన ఆడవాళ్ళు ప్రతి కాలనీలో ఉన్నారు. వాళ్ళను చూసి "ఎవడు చేసుకుంటాడు" అని ఎవరూ అడగలేదు. ఆ పనిలో లాభం ఇంకొకరికి ఉంది కాబట్టి అడగలేదు.

చట్టం చెప్పేదేమి

2009 విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెబుతున్నది. పై ప్రాథమిక తరగతుల్లో నూరు మందికి మించి పిల్లలుంటే వ్యాయామం నేర్పే మనిషి కూడా ఉండాలని చెబుతున్నది. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని కూడా అందులోనే ఉంది. కూలి తల్లి ఆ కమిటీలో కూర్చోవడం ఎవరి దయా కాదు.

కానీ ఈ చట్టానికి ఒక గట్టు ఉంది. అది ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా మాత్రమే వర్తిస్తుంది. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలను ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే పెట్టరాదన్నారు. మిగతా పనులకు అడ్డం లేదు. అంటే ఆ ఆరేళ్ళలో మొదటి రెండేళ్ళను బడి చట్టం కాస్తుంది. చివరి నాలుగేళ్ళకు కాపలా లేదు. పంటలో సగం కంచె వేసి సగం వదిలేస్తే పశువులు యాడ మేస్తాయో రైతుకు చెప్పనక్కర లేదు.

నేల సంగతి. ఫుట్‌బాలు మైదానం పొడుగు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. లెక్క వేస్తే ఎకరా ముప్పాతిక. చుట్టూ కొంచెం వదిలితే రెండు ఎకరాలు. ఊరికి రెండు ఎకరాలు దొరకవా? మేము తిరిగే ఊళ్ళల్లో బడి ఆటస్థలాలు కొన్ని గడ్డివాములకు, ట్రాక్టర్లకు, కొన్ని పెద్దల పెండ్లి పందిళ్ళకు పోతున్నాయి. పోరంబోకు భూములు యాడెక్కడ ఎవరి చేతుల్లో ఉన్నాయో తాలూకా రికార్డులు చెబుతాయి.

చేస్తే అవుతుందని చెప్పడానికి దూరం పోనక్కర లేదు. పాకాలలో ధర్మవరం రైలెక్కి, అక్కడి నుంచి ముప్పై నలభై కిలోమీటర్లు పోతే అనంతపురం. మనకంటే కరువు సీమ. అక్కడ విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆటల గ్రామం ఒకటి కట్టి, పల్లె ఆడపిల్లలకు ఫుట్‌బాలు నేర్పుతున్నది. వాన లేని నేల మీద మైదానం పచ్చగా ఉంచగలిగినారు. ఒక స్వచ్ఛంద సంస్థ చేసింది ప్రభుత్వం చెయ్యలేకపోవడానికి కారణం డబ్బు కాదు.

"వెయ్యిమందిలో ఒక్కరే కదా"

ఇంకో ప్రశ్న వస్తుంది. వెయ్యిమంది ఆడితే ఒక్క సౌమ్య వస్తుంది. మిగిలిన తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందికి ఆట ఏం పెడుతుంది?

ఇది న్యాయమైన ప్రశ్న, దాటవేయరాదు. మిగిలిన వాళ్ళు దేశం జట్టుకు పోరు, నిజమే. కానీ ఆ ఆరేళ్ళు వాళ్ళకు దక్కుతాయి. ఆట కోసం బడిలో ఉన్న పిల్ల పదో తరగతి అవుతుంది. పెండ్లి రెండు మూడేళ్ళు వెనక్కి పోతుంది. ఒంట్లో నెత్తురు పడుతుంది. పదకొండు మందితో కలిసి నడవడం, ఓడినా మరునాడు మళ్ళీ రావడం, ఎదుటివాడు అన్యాయం చేస్తే గట్టిగా అడగడం అలవాటు అవుతుంది. అట్లా పెరిగిన ఆడబిడ్డ రేపు పొలంలో నిలబడి నా కూలి ఎందుకు తక్కువ అని అడగగలదు. సౌమ్య ఒక్కతే పైకి పోవడం కాదు, మిగిలిన వెయ్యిమందీ కింద పడకుండా ఉండడం మాకు ముఖ్యం.

మనం చెయ్యవలసింది

ఒకటి. ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు ఒప్పుకోరాదు. ఈ చెనక్కాయ పీకుడుకే ఊరి సంఘాలు కూర్చుని ఒకే రేటు తీర్మానించాల. తల్లి కూలి నిండితే బిడ్డ బడికి పోతుంది.

రెండు. పద్దెనిమిది నిండని ఆడబిడ్డను కూలి గుంపులో కలుపుకోరాదు. మేస్త్రమ్మలు ఈ మాట మీద నిలబడాల. ఆమెతో పాటు తల్లికి పని పోకుండా చూసే బాధ్యత సంఘానిది.

మూడు. బడి యాజమాన్య కమిటీలలో మన తల్లులు కూర్చోవాల. ఆటస్థలం సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించమని, వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి వేయమని తీర్మానం రాసి మండల విద్యాధికారికి ఇవ్వాల. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాల.

నాలుగు. గురుకులాలలో, కస్తూర్బా బాలికా విద్యాలయాలలో ఆడపిల్లలకు బంతి ఆట నేర్పమని, ఆడే పిల్లలకు సాయంత్రం గుడ్డు, పాలు ఇవ్వమని అడగాల. పూర్ణ ఎవరెస్టు ఎక్కింది అట్లాంటి గురుకులం నుంచే.

అయిదు. వచ్చే గ్రామసభలో ప్రతి ఊరూ రెండు ఎకరాల పోరంబోకు పేరు, సర్వే నంబరుతో సహా చెప్పాల. "ఆటస్థలం కావాలి" అని ఊరికే అంటే కాగితం మీద పోతుంది. నంబరు చెబితే అధికారి జవాబు చెప్పక తప్పదు.

ఈ అయిదింటిలో మూడు మన చేతుల్లోనే ఉన్నాయి, రెండు ప్రభుత్వం చేతుల్లో ఉన్నాయి. మన మూడూ చేసి ఆ రెండూ అడుగుదాం. చెనక్కాయ పీకుడు మొదలు కాకముందే ఊరూరా సంఘాల సమావేశాలు జరపాలని, సర్వే నంబర్లు తెచ్చి ఇవ్వాలని కోరుతున్నాము. ఏ ఊరు ఏ నంబరు ఇచ్చిందో, దానికి అధికారులు ఏం జవాబు చెప్పినారో ఈ శీర్షికలోనే రాస్తాము.